అడగండి, చెబుతాం: విశాఖపట్నం

ఈ సంచికకు విశాఖ గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో కొన్ని నెలలు ఇసుక నిండుగా ఉంటుంది. కొన్ని నెలల్లో రోడ్డు గోడ దాకా కోసుకుపోతుంది. మా నాన్నగారి చిన్నప్పుడు బీచ్ ఇంతకంటే వెడల్పుగా ఉండేదట. ఈ ఇసుకంతా ఎక్కడికి పోతోంది?
— ఓ పాఠకురాలు, పాండురంగాపురం

జవాబు: మీ ప్రశ్నకు జవాబు ఆర్కే బీచ్‌లో దొరకదు. దానికి దక్షిణాన, ఓడరేవు మూతి దగ్గర వెతకాలి.

మన తీరంలో ఇసుక ఒకచోట కూర్చోదు, నడుస్తూ ఉంటుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకి, ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత వెనక్కి వస్తుంది. రాకపోకలు లెక్క చూస్తే ఏడాది మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అంటే యారాడ వైపు నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండను చుట్టుకుని వచ్చే ఇసుకే ఆర్కే బీచ్‌కి తిండి.

ఆ దారిలో ఇప్పుడు ఓడరేవు ఉంది. పూర్వం అక్కడ మేఘాద్రిగెడ్డ నీళ్ళు సముద్రంలో కలిసే ఉప్పుటేరు, దాని వెనక పెద్ద చిత్తడి నేల ఉండేవి. డాల్ఫిన్స్ నోస్ అడ్డుగా ఉండటంతో దక్షిణపు అలల దెబ్బ ఆ మూతికి తగిలేది కాదు. రేవుకు ఆ చోటు నచ్చడానికి కారణం అదే. 1920ల్లో చిత్తడిని తవ్వి లోపలి రేవు కట్టడం మొదలుపెట్టారు. 1933 అక్టోబర్ 7న ‘జలదుర్గ’ అనే ప్రయాణికుల ఓడ లోపలికి వచ్చింది. డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా రేవును ప్రారంభించాడు. ఓడలు వచ్చే కాలువ ఇసుకతో పూడిపోతుందని ఇంజినీర్లకు ముందే తెలుసు. అందుకే కాలం చెల్లిన రెండు ఓడలను మూతికి దక్షిణాన ముంచి అడ్డుగోడ చేశారు. నడిచొచ్చే ఇసుక ఆ గోడ చాటున ఆగుతుంది. దాన్ని డ్రెడ్జర్ తోడి ఉత్తరం వైపు వేయాలి. ఏర్పాటు మొదటి నుంచీ ఇదే.

1970ల్లో పెద్ద ఓడల కోసం బయటి రేవు కట్టినప్పుడు రాళ్ళు, టెట్రాపాడ్లతో (నాలుగు కాళ్ళ కాంక్రీటు దిమ్మలతో) పొడవాటి గోడలు సముద్రంలోకి వచ్చాయి. అడ్డు పెద్దదయ్యేసరికి ఇసుక ఆగడమూ పెరిగింది. అప్పటి నుంచి బీచ్ బతుకు డ్రెడ్జర్ మీదే ఆధారపడి ఉంది. దక్షిణాన ఇసుక పట్టే గుంటలోంచి తోడి గొట్టాల ద్వారా కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్ వైపు పోస్తారు. నైరుతి అలలు ఊపందుకునేలోపు ఈ పని అయిపోతే ఆ ఏడు బీచ్ నిలుస్తుంది. ఆలస్యమైతే అలలు నేరుగా గోడ మొదటికి వచ్చి కొడతాయి. కొట్టిన అల గోడ నుంచి వెనక్కి తిరిగేటప్పుడు పాదం దగ్గరి ఇసుకను కూడా ఊడ్చుకుపోతుంది. గోడను ఇంకా ఎత్తు చేస్తే బీచ్ దక్కుతుందనుకోవడం పొరపాటు. గోడ కాపాడేది రోడ్డును మాత్రమే. బీచ్‌ను కాపాడేది ఇసుక.

కోత పడుతోందో లేదో మీరే గుర్తుపట్టవచ్చు. పొద్దున్నే వెళ్ళి చూడండి. నీటి అంచుకు పైన ఇసుక కత్తితో కోసినట్టు మెట్టుగా నిలబడి ఉంటే సముద్రం తీసుకుపోతున్నట్టు. ఆ మెట్టులో నల్ల చారలు కనిపిస్తే అది ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాల ఇసుక. తేలికైన తెల్ల ఇసుకను అల ఎత్తుకుపోయి, మొయ్యలేనిదాన్ని వదిలేసిందన్నమాట. ఒడ్డు వాలుగా, మెత్తగా సముద్రంలోకి దిగుతుంటే ఇసుక తిరిగి చేరుతున్నట్టు.

ప్రశ్న: అదే బీచ్‌లో ఈత వచ్చిన కుర్రాళ్ళు కూడా మునిగిపోతున్నారు. నీళ్ళు చూస్తే అంత లోతుగా అనిపించవు. కారణం ఏమిటి?
— ఓ పాఠకుడు, మద్దిలపాలెం

జవాబు: మునగడానికి లోతు కంటే వెనక్కి లాగే పాయలే ఎక్కువ కారణం. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి వెళ్ళడానికి సన్నని దారి చూసుకుంటుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. చూసేవాళ్ళకు అది అమాయకంగా ఉంటుంది. పక్కనంతా తెల్లగా అలలు విరుగుతుంటాయి, అక్కడ మాత్రం విరగవు. నీరు నున్నగా, కాస్త ముదురు రంగులో లేదా ఇసుక కలిసి బురదగా కనిపిస్తుంది, నురగ సముద్రం వైపు జారిపోతుంటుంది. అలలు లేవు కదా అని జనం సరిగ్గా అక్కడే దిగుతారు.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకండి. గజ ఈతగాడైనా అలిసిపోయేది అక్కడే. ముందు వెల్లకిలా తేలి ఊపిరి నిలబెట్టుకోండి, చెయ్యి పైకెత్తి ఊపండి. తర్వాత ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. ఆ పాయ వెడల్పు తక్కువే. దాటి అలలు విరిగే చోటికి వచ్చాక ఆ అలలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు చేతులు కలిపి గొలుసుగా దిగవద్దు. ఒకరి కోసం ముగ్గురు పోయేది ఇలాగే. తాడు, ఖాళీ నీళ్ళ క్యాను, ట్యూబు, ఏది దొరికితే అది విసిరి లైఫ్‌గార్డును, దగ్గరున్న జాలర్లను పిలవండి. పిల్లలతో నీళ్ళలో ఆడుకోవాలంటే ఆర్కే బీచ్ కంటే లైఫ్‌గార్డులు, హద్దు జెండాలు ఉన్న రుషికొండ మేలు. అక్కడైనా జెండాల మధ్యనే దిగండి.

ప్రశ్న: విజయవాడ నుంచి వచ్చే రైలు విశాఖలో ఆగి, వచ్చిన దిక్కుకే మళ్ళీ బయలుదేరుతుంది. కొన్ని రైళ్ళు అసలు ఊళ్ళోకే రావు. ఎందుకిలా? ఈ స్టేషన్‌ను పెద్దవాళ్ళు వాల్తేరు అంటారెందుకు?
— ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: విశాఖ స్టేషన్ చెన్నై–హౌరా దారి మీద లేదు, ఆ దారి నుంచి సముద్రం వైపు చీలిన కొమ్మ మీద ఉంది. ఉత్తరాన సింహాచలం నుంచి కైలాసగిరి దాకా ఒక కొండల వరుస, దక్షిణాన యారాడ వరుస. మధ్యలో దొన్నెలా ఉన్న పల్లంలో ఊరు పెరిగింది. రైలు ఆ దొన్నెలోకి గోపాలపట్నం వైపు నుంచి రావాలి, మళ్ళీ అటే పోవాలి. అందుకే ఇక్కడ ఇంజన్ విప్పి రెండో చివర తగిలిస్తారు. ఆ తర్వాత మీ పెట్టెల వరుస తిరగబడుతుంది. అప్పటిదాకా ముందున్న పెట్టె చివరికి వస్తుంది. శ్రీకాకుళం రోడ్డులోనో బరంపురంలోనో మిమ్మల్ని దించుకోవడానికి వచ్చే బంధువులకు ఈ సంగతి ముందే చెప్పండి.

ఊళ్ళోకి రాని రైళ్ళు దువ్వాడలో ఆగి, సింహాచలం నార్త్ మీదుగా కొత్తవలస వైపు సాగిపోతాయి. టికెట్ మీద ‘విశాఖపట్నం’ ఉందా ‘దువ్వాడ’ ఉందా అన్నది చూసుకోకుండా అర్ధరాత్రి చిక్కుల్లో పడేవాళ్ళు చాలామంది. స్టీలు ప్లాంటు, గాజువాక, కూర్మన్నపాలెం వెళ్ళేవాళ్ళకు దువ్వాడే దగ్గర. కంచరపాలెం వైపు వెళ్ళేవాళ్ళు మెయిన్ గేటు దాకా నడవకుండా జ్ఞానాపురం వైపు ద్వారంలోంచి బయటపడవచ్చు.

పేరు సంగతి. పాత విశాఖ అంటే రేవు పక్కనున్న ఊరు. వాల్తేరు దానికి ఉత్తరాన మెరక మీద, గాలి బాగా ఆడే వేరే ఊరు. చిత్తడి పక్కన జ్వరాలకు భయపడి దొరలు తమ బంగళాలు ఆ మెరక మీద కట్టుకున్నారు. 1890ల్లో రైలు వచ్చినప్పుడు స్టేషన్‌కు ఆ పేరే పెట్టారు. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో తరలి వచ్చింది కూడా వాల్తేరుకే. స్టేషన్ పేరు 1987లో విశాఖపట్నంగా మారింది. 2025 ఫిబ్రవరిలో వాల్తేరు డివిజన్‌ను కూడా విశాఖపట్నం డివిజన్‌గా మార్చడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. పెద్ద వాల్తేరు, చిన వాల్తేరు మాత్రం ఆ పేర్లతోనే ఉన్నాయి, ఉండాలి కూడా.

ప్రశ్న: ఎంవీపీ, ఎన్ఏడీ, ఆర్కే, హెచ్‌బీ... విశాఖలో అన్నీ పొడి అక్షరాలే. వీటికి అసలు పేర్లు లేవా?
— ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఉన్నాయండి, మనమే మింగేశాం. ఎంవీపీ అంటే మువ్వలవానిపాలెం. ఆ పేరుతో ఓ పల్లె ఉండేది, కాలనీ తర్వాత వచ్చింది. ఎన్ఏడీ నౌకాదళ ఆయుధాగారం. ఆర్కే బీచ్‌కి ఆ పేరు తీరాన ఉన్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల వచ్చింది. హెచ్‌బీ హౌసింగ్ బోర్డు. జగదాంబ జంక్షన్ సినిమా హాలు పేరు. వన్ టౌన్, టూ టౌన్ పోలీసు స్టేషన్ల హద్దులు.

సింధియా పేరులో ఓ చరిత్ర ఉంది. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కోసం వాల్‌చంద్ హీరాచంద్ ఇక్కడ ఓడల కర్మాగారం పెట్టాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ ‘జల ఉష’ అనే ఓడను నీళ్ళలోకి దింపారు. కర్మాగారం పేరు హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారి దశాబ్దాలు గడిచాయి. బస్సు కండక్టరు మాత్రం ఇప్పటికీ ‘సింధియా, సింధియా’ అనే పిలుస్తాడు.

అన్నిటికంటే పాతవి నీటి పేర్లు. కొండ మీంచి ఊరే నీరు ధార: సీతమ్మధార, మాధవధార, సింహాచలంలో గంగధార. పల్లంలో పారితే గెడ్డ: మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ. గోదావరి జిల్లాల వాళ్ళు కాలువ అనో కోడు అనో పిలిచేదాన్ని మనం గెడ్డ అంటాం. స్థలం కొనేముందు ఈ పేర్లు పట్టించుకోండి. పేరులో గెడ్డ, ధార, చెరువు ఉన్న చోట, లేదా పాత పటంలో అలా రాసి ఉన్న చోట, పెద్ద వాన పడితే నీరు తన పాత దారి వెతుక్కుంటుంది. తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. గట్టి వాన కురిసిన గంటలోపు ఆ వీధికి వెళ్ళి నిలబడండి. వీధిలో నీరు ఏ వైపు పరుగెడుతోంది, ఎక్కడ ఆగుతోంది, పక్కింటి గోడ మీద పాత మరక ఎంత ఎత్తున ఉంది, ఈ మూడూ చూడండి.

విశాఖపట్నం అన్న పేరు కూడా పాతదే. మధ్యయుగపు శాసనాల్లో ఈ రేవుకు కులోత్తుంగచోళపట్టణం అనే మారుపేరు కనిపిస్తుంది.

ప్రశ్న: కోటవీధి ఉంది, బురుజుపేట ఉంది, మరి కోట ఏది? పాత ఊరు ఒక్క పూటలో చూడాలంటే ఎలా?
— డిగ్రీ విద్యార్థులు, విజయనగరం

జవాబు: రాజుల కోట కాదు, వర్తకుల కోట. ఈస్టిండియా కంపెనీ 1680ల్లో ఇక్కడ బట్టల వ్యాపారానికి గిడ్డంగి పెట్టి, చుట్టూ గోడా బురుజులూ కట్టుకుంది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడు చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోవడంతో అది మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. 1780 అక్టోబర్ 3న, హైదరాలీ మీద యుద్ధానికి ఓడలెక్కి మద్రాసు వెళ్ళమన్నందుకు ఇక్కడి సిపాయిలు తిరగబడ్డారు. 1857 మీరట్ తిరుగుబాటుకు 77 ఏళ్ళ ముందు జరిగిన ఈ తిరుగుబాటు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండదో అర్థం కాదు. దానికి కనీసం ఒక పేజీ ఇవ్వాలి. 1804 సెప్టెంబర్ 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోవా రేవు ముందు లంగరేసిన ‘సెంచూరియన్’ అనే ఇంగ్లీషు యుద్ధనౌక మీద ఫిరంగులు పేల్చాడు. యుద్ధాలు సముద్రం మీదికి జరిగాక కోటతో పని లేకుండా పోయింది. రేవు, ఊరు పెరిగి దాన్ని మింగేశాయి. మిగిలింది పేర్లే.

చూడాలంటే ఆదివారం ఉదయం ఆరున్నరకల్లా పాత పోస్టాఫీసు దగ్గర దిగండి. మామూలు రోజుల్లో తొమ్మిది దాటితే లారీలు, సరుకు ఆటోలు మెయిన్ రోడ్డును నింపేస్తాయి. తల ఎత్తి పై అంతస్తులు చూడటానికి వీలుండదు. మొదట విక్టోరియా రాణి విగ్రహం, కురుపాం మార్కెట్ ముఖద్వారం చూడండి. తర్వాత సముద్రం వైపు తిరిగి 1904 నాటి టౌన్ హాల్ దగ్గరికి రండి. రాతి గోడల మందం, కిటికీల ఎత్తు చూస్తే ఫ్యాను లేని రోజుల్లో సముద్రపు గాలిని ఎలా వాడుకున్నారో తెలుస్తుంది. సోల్జర్‌పేట వైపు 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ బడి ఉంది. సి.వి.రామన్ చిన్నప్పుడు చదువుకున్నది అక్కడే. ఆయన తండ్రి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. శ్రీశ్రీ పుట్టిందీ, రావిశాస్త్రి తన కథల్లోకి కోర్టుల్నీ కల్లుపాకల్నీ తెచ్చిందీ ఈ ఊరి నుంచే.

ఆ తర్వాత రేవు మూతి దగ్గరి మూడు కొండలు. ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద ఇస్‌హాక్ మదీనా దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. మూడూ ఎక్కాలంటే మోకాళ్ళు గట్టిగా ఉండాలి. ఒక్కటే ఎక్కగలిగితే రాస్ హిల్ ఎక్కండి. ఓడలు వచ్చే కాలువ అక్కడి నుంచి కాళ్ళ కింద ఉన్నట్టు కనిపిస్తుంది. నౌకాదళం, రేవు హద్దుల్లో ఫోటోలు తీయకండి, డ్రోన్ అసలే వద్దు.

చివరికి బురుజుపేట కనకమహాలక్ష్మి. అమ్మవారికి గోపురం లేదు, నెత్తిన ఆకాశమే. పూజారి మధ్యలో లేకుండా ఎవరైనా తమ చేత్తోనే పసుపు కుంకుమ పెట్టి పాలు పోయవచ్చు. మార్గశిర గురువారాల్లో మాత్రం పాత ఊరు చూసే ఉద్దేశంతో రాకండి. ఆ రోజులు భక్తులవి. వీధి వీధంతా క్యూ లైన్లే.

ప్రశ్న: జపాన్ వాళ్ళు విశాఖ మీద బాంబులు వేశారన్నది నిజమేనా?
— ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: నిజం. 1942 ఏప్రిల్ 6న విమానవాహక నౌక ‘ర్యూజో’ మీంచి లేచిన విమానాలు రేవు మీద బాంబులు వేశాయి. అదే రోజు మీ కాకినాడ మీద కూడా వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో నాటి బాంబు గుల్ల ఉంది. బయటి నౌకల ముందు ఆగిపోకుండా లోపలికి వెళ్ళి చూడండి.

ప్రశ్న: ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ మొదటిసారి చేద్దామనుకుంటున్నాం. మా అమ్మగారికి 58 ఏళ్ళు, షుగర్ ఉంది. ఎలా సిద్ధం కావాలి?
— ఓ పాఠకురాలు, తుని

జవాబు: దారి 32 కిలోమీటర్లు. పౌర్ణమి ముందురోజు, చతుర్దశి నాడు, కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరతారు. అడివివరం, ముడసర్లోవ, హనుమంతువాక, జోడుగుళ్ళపాలెం, అప్పూఘర్, ఎంవీపీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, కైలాసపురం, మాధవధార, మురళీనగర్, ఎన్ఏడీ, గోపాలపట్నం, ప్రహ్లాదపురం వైపు నుంచి గోశాల మీదుగా తిరిగి తొలిపావంచా. పోలీసులు ఏటా కొద్ది మార్పులు చేస్తారు కాబట్టి వారం ముందు దేవస్థానం ఇచ్చే పటం చూసుకోండి.

గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచేవారికి ఆగకుండా ఎనిమిది గంటలు. ఆగుతూ, జనంలో నెట్టుకుంటూ వెళితే పది పన్నెండు. మధ్యాహ్నం బయలుదేరినవాళ్ళే ఎక్కువ దెబ్బతింటారు. ఆషాఢంలో కూడా తారు కాలుతుంది, మొదటి గంటలోనే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. సాయంత్రం ఐదు తర్వాత మొదలుపెడితే రాత్రి చల్లదనంలో సగానికి పైగా దారి గడుస్తుంది. చెప్పులు లేకుండా నడవాలన్న మొక్కు ఉంటే నెల ముందు నుంచి రోజూ అరగంట ఒట్టి కాళ్ళతో గరుకు నేల మీద నడిచి పాదాలను అలవాటు చేయండి. షుగర్ ఉన్నవారికి మాత్రం ఆ మొక్కు వద్దు. పాదంలో స్పర్శ తగ్గి ఉంటే గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు, చిన్న పుండే పెద్దదవుతుంది. అమ్మగారికి మెత్తని, పాత, అలవాటైన బూట్లు, నూలు మేజోళ్ళు వేయండి. స్వామి కాదనడు.

రెండో పొరపాటు అప్పూఘర్ దగ్గర జరుగుతుంది. సముద్రస్నానం చేసి తడి బట్టలతోనే నడక సాగిస్తారు. తడిబట్ట, ఉప్పు, ఇసుక కలిసి రెండు కిలోమీటర్లలో తొడలు ఒరుసుకుపోతాయి. మిగిలిన దారి నరకమవుతుంది. స్నానం చేయాలంటే పొడి బట్టలు వెంట ఉంచుకోండి, లేదా నీళ్ళు తల మీద చల్లుకుని సాగిపోండి. మూడోది తిండి. దారి పొడవునా పులిహోర, మజ్జిగ, పళ్ళు, తియ్యటి సరుకు ప్రేమగా పెడతారు. అన్ని పందిళ్ళలోనూ తింటే కడుపు బరువెక్కి నడక ఆగిపోతుంది. గంటకోసారి కొద్దిగా తినండి, దాహం వేయకముందే గుక్కెడు నీళ్ళు తాగండి, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు జేబులో పెట్టుకోండి. అమ్మగారి మందుల వేళలు ఆ రాత్రికి ఎలా మార్చాలో డాక్టరుగారినే అడగండి. చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తే వెంటనే చక్కెర నోట్లో వేయండి, దగ్గర్లోని వైద్య శిబిరంలో కూర్చోబెట్టండి. ఎన్ఏడీ దాకా వచ్చాం కదా, ఎలాగో పూర్తి చేద్దాం అన్న పట్టుదల అప్పుడు పనికిరాదు. 32 కిలోమీటర్లు చేయలేనివారు ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసే ఆచారం ఉంది.

మర్నాడు పౌర్ణమి నాడు స్వామికి ఆ ఏటి ఆఖరి విడత చందనం పూస్తారు. వైశాఖ శుద్ధ తదియ నాడు నిజరూప దర్శనం అయ్యాక ఒక విడత, తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు ఒక్కో విడత. విడతకు మూడు మణుగుల లెక్క.

ప్రశ్న: ‘విశాఖ ఉక్కు’ అంటే మా తాతగారి కళ్ళు చెమ్మగిల్లేవి. ఓ కర్మాగారం కోసం అంత పోరాటం ఎందుకు జరిగింది?
— ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: ఎందుకంటే అది దానం కాదని, హక్కు అని జనం నమ్మారు. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ నినాదం రాష్ట్రమంతా మోగింది. టి.అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచారు. 1966 నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద ఆ పోరులో 32 మంది ప్రాణాలు పోయాయని ఈ నేల గుర్తుపెట్టుకుంది. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. జాతికి అంకితమయింది మాత్రం 1992 ఆగస్టు 1న, పి.వి.నరసింహారావు చేతుల మీదుగా. శంకుస్థాపనకూ దీనికీ మధ్య 21 ఏళ్ళు.

సముద్రం పక్కన పెట్టడం లెక్క ప్రకారమే జరిగింది. కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గు విదేశాల నుంచి ఓడల్లో రావాలి. ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస–కిరండూల్ రైలు దారిలో దిగుతుంది. ఆ దారి అప్పటికే 1960ల్లో, ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేశారు. లోపల కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. కానీ సొంత గని ఇవ్వలేదు. సొంత గనులున్న ఉక్కు కర్మాగారాలతో పోలిస్తే ఖనిజం ధర పెరిగిన ప్రతిసారీ దీని మీద పడే భారం వేరు. దీని నష్టాల గురించి మాట్లాడేవారు ఈ సంగతి కూడా చెప్పాలి. భూములు ఇచ్చి, ఆర్-కార్డులు (నిర్వాసితుల పునరావాస కార్డులు) పట్టుకుని తిరిగిన నిర్వాసిత కుటుంబాల ఊసు కూడా ఎత్తాలి. తాతగారి కన్నీళ్ళలో అవన్నీ ఉండి ఉంటాయి.

ప్రశ్న: భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నాం. అక్కడ ఏం చూపించాలి?
— ఓ ఉపాధ్యాయుడు, అనకాపల్లి

జవాబు: ‘ఎర్ర మట్టి’ అంటాం గానీ అది చాలావరకు ఇసుక. పిల్లల చేత చిటికెడు నీళ్ళలో కడిగించండి. ఎరుపు నీళ్ళలోకి దిగిపోయి, కింద తెల్లని ఇసుక రేణువులు మిగులుతాయి. రేణువు చుట్టూ ఉన్న పల్చని ఇనుప తుప్పు పొరదే ఆ రంగు. వేల ఏళ్ళ క్రితం సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎత్తి ఇక్కడ పోసింది. చుట్టూ కొండలది ఖోండలైట్ రాయి. అందులోని గార్నెట్ లాంటి ఖనిజాలు శిథిలమై ఇనుమును అందించాయి. తర్వాత వాన నీరు దాన్ని కోసి ఈ లోయలు చేసింది. ఇలాంటివి తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో తప్ప ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా చెప్పుకోదగ్గట్టు లేవు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.

నవంబర్–ఫిబ్రవరి మధ్య, ఉదయం ఎనిమిదిలోపు వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడితేనే పొరలు కనిపిస్తాయి. వాన పడిన రెండు మూడు రోజులు వద్దు, అంచులు తడిసి విరిగిపడతాయి. గోడల అంచు మీద నిలబడనివ్వకండి, కింద గుహలా తొలిచి ఉంటుంది. లోపల దారులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రతి మలుపులో ఒక పిల్లవాణ్ణి వెనక్కి తిరిగి చూసి, గుర్తు చెప్పమనండి. తిరిగొచ్చేటప్పుడు ఆ గుర్తులతో వాళ్ళనే దారి చూపించమనండి. తలా ఒక లీటరు తాగే నీళ్ళు ఉండాలి, లోపల నీడ లేదు. గోడల మీద పేర్లు చెక్కనివ్వకండి, మట్టి సీసాల్లో నింపుకోనివ్వకండి. పక్కనే తీరానికి దిగితే మంగమారిపేట రాతి తోరణం చూడవచ్చు. ఆటు సమయంలో వెళ్ళండి, పోటు మీద దాని కిందికి వెళ్ళవద్దు. పూట మిగిలితే తొట్లకొండ ఎక్కించండి. వానాకాలపు నీటిని పట్టుకోవడానికి బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లు అక్కడ ఉన్నాయి. కొండకు ఆ పేరు వాటి వల్లే వచ్చింది. నీరు ఎక్కడి నుంచి తొట్టిలోకి జారుతుందో ఆ సన్నని గాడులు వెతకమనండి. పిల్లలు పెద్దవాళ్ళకంటే ముందే పట్టేస్తారు.